మురుగు నీటి ప్లాంటు గేటు లోపల ఏం జరుగుతుంది? మూసీ కింద సేద్యం చేసే రైతు తెలుసుకోవలసిన సంగతులు

మూసీ కాల్వ కింద మీకు ఎకరమో, ఎకరంన్నరో ఉందనుకుందాం. వరి, పారా గడ్డి, పాలకూర, తోటకూర ఏదో ఒకటి వేస్తారు. తెల్లారి గట్టు మీదికి పోయి చూస్తే ఒకనాడు నీళ్లు తేటగా ఉంటాయి. ఇంకోనాడు నల్లగా, నురగ కట్టి, కుళ్లు కంపు కొడుతూ వస్తాయి. వాన లేదు, వరద లేదు. నీళ్లు ఎందుకు మారినట్టు? దానికి జవాబు చాలాసార్లు మీ ఊళ్లో ఉండదు. పైన పట్నంలో, మురుగు శుద్ధి ప్లాంటు గేటు లోపల ఉంటుంది.

ఆ ప్లాంటును రాత్రింబగళ్లు నడిపే మనిషిని ఆపరేటరు అంటారు. మీరు ఆయన్ని చూసి ఉండరు, ఆయన మీ పొలం చూసి ఉండడు. అయినా మీ మడిలో పారే నీళ్ల మంచిచెడ్డలు సగం ఆయన చేతిలోనే ఉన్నాయి. ఆ పని ఎట్లా జరుగుతుందో, అక్కడికి పోతే ఏం చూడాలో, ఏం అడగాలో ఈ వారం తెలుసుకుందాం.

ఆపరేటర్లకూ ఉంటుంది క్షేత్ర దినోత్సవం

పరిశోధనా కేంద్రాల వాళ్లు క్షేత్ర దినోత్సవం పెడితే మనం పోయి ఏం చేస్తాం? కొత్త రకం వరి చూస్తాం. పక్క మండలం రైతుతో మాట్లాడతాం. అగ్గి తెగులు వస్తే నువ్వేం కొట్టినవని అడుగుతాం. మురుగు ప్లాంట్లు నడిపేవాళ్లకు కూడా అలాంటి సభలు ఉన్నాయి. ఒక పూట ఉపన్యాసాలు, ఇంకో పూట దగ్గర్లోని ప్లాంటు సందర్శన. మన దేశంలో నీటి సరఫరా, మురుగు పారుదల ఇంజినీర్లకు 1968లో ఏర్పడిన ఇండియన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్ అనే సంఘం ఉంది. అమెరికాలో వాటర్ ఎన్విరాన్‌మెంట్ ఫెడరేషన్ అనే సంస్థ తన వార్షిక సభలో ఆపరేటర్లకు పోటీలే పెడుతుంది. పైపు కోసి అతకడం, ప్రయోగశాల పరీక్ష, పంపు మరమ్మతు, ప్లాంటు లెక్కలు, గ్యాసుకు పడిపోయిన తోటి పనివాణ్ణి కాపాడటం అని అయిదు అంశాలు ఉంటాయి.

ఇదంతా మనకెందుకు అంటారా? ప్లాంటులో నడిచే విద్య ఒకరి అనుభవం ఇంకొకరికి చెబితేనే పెరుగుతుంది. ఒక ప్లాంటులో బురద పైకి తేలితే ఇంకో ప్లాంటు వాడు, మాకూ అట్లనే అయింది, గాలి తగ్గించి చూడు అంటాడు. రైతుకు రైతు చెప్పినట్టే. అయితే ఈ సభల్లో ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీ. ఆ నీళ్లు చివరికి ఎవరి పొలానికి పోతాయో, ఆ రైతు అక్కడ ఉండడు. ఆ కుర్చీ మనం అడిగి తీసుకోవాలి.

ప్లాంటులో మెట్టు మెట్టుకు ఏం జరుగుతుంది?

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ గుండా పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. పట్నం మురుగు నదిలో పడకుండా మూసీ ప్రక్షాళన కింద నాలుగు ప్లాంట్లు కట్టారు. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలులో 17.2 కోట్లు, అత్తాపూర్‌లో 5.1 కోట్లు, నల్లచెరువు దగ్గర 3 కోట్ల లీటర్ల సామర్థ్యం. మొత్తం కలిపితే 59.2 కోట్ల లీటర్లు. ఇవి చాలవని 2021లో మరో 31 ప్లాంట్లకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ప్లాంటు చిన్నదైనా పెద్దదైనా లోపల మెట్లు దాదాపు ఇవే.

మొదటి మెట్టు జల్లెడ. వచ్చే మురుగుకు ఇనుప కమ్మీల తడికె అడ్డం పెడతారు. ప్లాస్టిక్ సంచులు, గుడ్డలు, కొబ్బరి పీచు అక్కడ ఆగుతాయి. మన కాల్వ తూముకు ముళ్లకంప అడ్డం పెట్టినట్టే.

రెండోది ఇసుక తొట్టి. నీళ్ల వేగం తగ్గిస్తే ఇసుక, గులకరాళ్లు అడుగున పడతాయి. ఇసుక తీయకపోతే పంపు రెక్కలు అరిగిపోతాయి. బోరు మోటారు పాడైన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మూడోది అసలు పని. ఇక్కడ పని చేసేది మనిషి కాదు, మిషను కాదు, కంటికి కనబడని సూక్ష్మజీవులు. ఇవి రెండు రకాలు. గాలి అక్కరలేనివి ఒక రకం. అంబర్‌పేటలో మొదటి దశ ఈ పద్ధతిదే. మురుగును లోతైన తొట్టిలోకి అడుగు నుంచి పైకి ఎక్కిస్తారు. అడుగున దట్టంగా ఉన్న బురద దుప్పటిలోని జీవులు మురుగులోని మలినాన్ని తిని మీథేన్ గ్యాస్ వదులుతాయి. మన ఇంటి వెనక గోబర్ గ్యాస్ గుంటలో జరిగేదీ ఇదే. తొట్టి దాటిన నీటిని ఇంకా గాలి తగిలే మడుగుల్లో నిలిపి తేటపరుస్తారు.

రెండో రకం జీవులకు గాలి కావాలి. వీటికి పెద్ద పెద్ద బ్లోయర్లతో నీటి అడుగు నుంచి గాలి బుడగలు వదులుతారు. ఈ పద్ధతిని 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు కనిపెట్టారు. నూరేళ్లు దాటినా ప్రపంచమంతా ఇదే నడుస్తోంది. ఇప్పటి కొత్త ప్లాంట్లలో చాలావాటిలో ఒకే తొట్టిలో వంతులవారీగా నింపడం, గాలి ఊదడం, తేర్చడం, పై నీటిని వంచేయడం జరుగుతుంది. మన ఇళ్లల్లో బియ్యం కడిగి, కాసేపు ఉంచి, పై నీళ్లు వంచినట్టు.

నాలుగోది తేర్చడం. జీవులు తిని బరువెక్కి బురదగా అడుగున కూర్చుంటాయి. పైన తేట నీరు నిలుస్తుంది. అడుగు బురదలో కొంత తిరిగి మొదటికి పంపుతారు. పెరుగుకు తోడు వేసినట్టు అన్నమాట. మిగతాది ఎండబెట్టడానికి పోతుంది.

అయిదోది క్రిములను చంపడం. క్లోరిన్ కలపడమో, మరో పద్ధతో. ఇది జరగకపోతే నీళ్లు కంటికి తేటగా ఉన్నా రోగక్రిములు ఉంటాయి. ఈ మాట బాగా గుర్తు పెట్టుకోవాలి. తేట నీళ్లన్నీ మంచి నీళ్లు కావు.

జాడీ పరీక్ష: అరగంటలో ప్లాంటు గుట్టు

ప్లాంటు చూడటానికి పోతే ఆపరేటరును ఒక్కటి అడగండి: అయ్యా, జాడీ పరీక్ష చూపించు. గాలి ఊదే తొట్టిలోంచి లీటరు నీళ్లు గాజు జాడీలో పోసి, కదపకుండా 30 నిమిషాలు ఉంచుతాడు. ప్లాంటు ఆరోగ్యంగా ఉంటే గోధుమ రంగు బురద చక్కగా అడుగున కూర్చుంటుంది. పైన తేటనీరు కనబడుతుంది. బురద దిగకుండా దూదిలా ఉబ్బి ఉన్నా, పైకి తేలినా, నల్లగా మారి కంపు కొట్టినా జీవులకు ఏదో లోటు వచ్చిందని గుర్తు. గాలి చాలకపోవచ్చు, మురుగు మరీ ఎక్కువై ఉండొచ్చు, ఏ ఫ్యాక్టరీ విషమో వచ్చి కలిసి ఉండొచ్చు.

ఆకు రంగు చూసి మీరు పైరుకు ఏ పోషకం తక్కువో చెబుతారు. జాడీ చూసి ఆయన ప్లాంటుకు ఏం తక్కువో చెబుతాడు. రెండూ ఒకే తీరు విద్యలు.

మీకు అక్కరకొచ్చే మూడు అంకెలు

ప్లాంటు గోడ మీద, రిజిస్టరులో చాలా అంకెలు రాసి ఉంటాయి. మనకు మూడు చాలు.

ఒకటి, బీఓడీ. నీటిలోని మలినాన్ని తినడానికి జీవులకు ఎంత ప్రాణవాయువు కావాలో చెప్పే అంకె. ఇది ఎక్కువుంటే మురికి ఎక్కువ. ఊరి మురుగులో లీటరుకు మామూలుగా 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరులో ఇచ్చిన ప్రకటన ప్రకారం శుద్ధి చేసి వదిలే నీటిలో ఇది మహానగరాల్లో 20, మిగతాచోట్ల 30 మించరాదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇంకా గట్టిగా, 10కి తేవాలని చెప్పింది.

రెండు, కోలిఫారం. మలంలోంచి వచ్చే క్రిముల లెక్క. 2017 ప్రకటనలో 100 మిల్లీలీటర్లకు 1,000 లోపు ఉండాలన్నారు. పచ్చిగా తినే కూరలకు పారించే నీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో చెప్పిన హద్దు కూడా 1,000 కిందే. దానితోపాటు లీటరు నీటిలో పేగు పురుగు గుడ్డు ఒకటికి మించరాదని చెప్పింది.

మూడు, ఈసీ. నీటిలో ఉప్పు ఎంతుందో చెబుతుంది. 0.7 మిల్లీమోస్ లోపు ఉంటే భయం లేదు. 0.7 నుంచి 3 వరకు ఉంటే పంటను, నేలను చూసి జాగ్రత్త పడాలి. 3 దాటితే చాలా పంటలకు పనికిరాదు. శుద్ధి ప్లాంటు మురికిని తీస్తుంది గానీ ఉప్పును తీయదు. నేల చౌడు బారేది దీనివల్లే.

ప్లాంటు ఆగితే ఏమవుతుంది?

జీవులకు గాలి ఊదే బ్లోయరు కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోయి, జనరేటరు లేక కొన్ని గంటలు ఆగితే జీవులు ఊపిరాడక నీరసిస్తాయి. బురద కుళ్లుతుంది. తిరిగి కోలుకోవడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది. వానాకాలంలో వాన నీళ్లు మురుగు కాల్వల్లో కలిసి ప్లాంటు పట్టనంత వస్తే కొంత నీటిని శుద్ధి లేకుండానే పక్క కాల్వ గుండా నదిలోకి వదలవలసి వస్తుంది. పట్నం మురుగంతా ప్లాంటు దాకా రాదు కూడా. కొన్ని నాలాలు నేరుగా నదిలో పడతాయి.

కాబట్టి మీ కాల్వలో వచ్చేవి ఎప్పుడూ శుద్ధి నీళ్లే అనుకోవద్దు. మంచి నీళ్లు, చెడ్డ నీళ్లు కలిసే వస్తాయని లెక్కేసుకొని సేద్యం చేసుకోవాలి. నది వెంట ఉన్న కత్వల్లో నీళ్లు నిలిచి కొంత మలినం అడుగున పడుతుంది. అందుకే పట్నానికి దూరం పోయేకొద్దీ నీళ్లు కొంత మెరుగవుతాయి. పట్నానికి ఆనుకొని ఉన్న రైతులు ఇంకా ఎక్కువ జాగ్రత్త పడాలి.

యూరియా వేసే ముందు ఈ లెక్క చూడండి

మురుగు నీటిలో నత్రజని ఉంటుంది. మామూలు ప్లాంట్లలో శుద్ధి చేసినా చాలావరకు అది నీటిలోనే మిగులుతుంది. లీటరుకు 30 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. ఎకరానికి ఒక అంగుళం నీళ్లు కడితే లక్ష లీటర్లకు పైన. అంటే ఒక్క అంగుళం నీటితో 3 కిలోల నత్రజని వచ్చిపడినట్టు. వరికి పంటకాలంలో 40 అంగుళాలు పెడితే 120 కిలోలు దాటుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది సుమారు 20.7 కిలోల నత్రజని. అంటే దాదాపు ఆరు బస్తాలకు సమానం! ఇందులో సగం ఇంకిపోయినా, గాలిలో కలిసినా, వరికి ఎకరానికి సిఫారసు చేసే 40 నుంచి 60 కిలోలు నీళ్లలోనే అందుతాయి.

ఇది తెలియక పైనుంచి మళ్లీ యూరియా చల్లితే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది. దోమ, అగ్గి తెగులు పట్టుకుంటాయి. కంకిలో తాలు ఎక్కువవుతుంది. డబ్బు పోసి నష్టం కొనుక్కున్నట్టు. అతి సర్వత్ర వర్జయేత్ అని పెద్దలు ఊరికే అనలేదు. ముందు నీటి పరీక్ష, భూసార పరీక్ష చేయించండి. పరీక్ష చూసి యూరియా తగ్గించండి. పొట్టిగా, గట్టి కాండంతో, పడిపోని రకాలు ఎంచుకోండి. వీలైతే బావి నీళ్లు, కాల్వ నీళ్లు మార్చి మార్చి పెట్టండి. ఏటా ఒకసారి జీలుగ గానీ జనుము గానీ వేసి కలియదున్నితే నేల గుల్లబారుతుంది. జిప్సం మాత్రం పరీక్షలో అవసరమని తేలితేనే వేసుకోవాలి.

ఒంటి మీద జాగ్రత్త, పంట మీద జాగ్రత్త

మురుగు నీటి పొలంలో ఉత్త కాళ్లతో దిగితే కొంకి పురుగు పిల్లలు పాదం చర్మం గుండా లోపలికి పోతాయి. పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. మనిషి పాలిపోతాడు, ఆయాసం వస్తుంది. నాటుకూ కలుపుకూ ఎక్కువ దిగేది ఆడవాళ్లు. గర్భిణీలకు ఇది మరీ ప్రమాదం. అందుకని:

- పొలంలో దిగేటప్పుడు రబ్బరు బూట్లు వేసుకోండి. పుండ్లు, పగుళ్లు ఉంటే దిగవద్దు.
- పని అయ్యాక సబ్బుతో కాళ్లూ చేతులూ కడిగి అప్పుడు బువ్వ తినండి. బీడీ, జర్దా కూడా కడిగిన చేత్తోనే.
- పిల్లల్ని కాల్వలో ఈదనీయవద్దు. నులిపురుగుల మాత్రల రోజున తప్పక వేయించండి. పెద్దవాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరును అడిగి వేసుకోవాలి.
- ఆకుకూరలకు కోతకు రెండు మూడు రోజుల ముందే ఈ నీళ్లు ఆపండి. ఎండకు చాలా క్రిములు చస్తాయి. కోసిన కట్టలను కాల్వలో కడగవద్దు, బోరు నీళ్లతో కడగండి.
- కొత్తిమీర, పుదీనా, ముల్లంగి, కీర లాంటి పచ్చిగా తినేవాటికి ఈ నీళ్లు పెట్టకపోవడమే మేలు. గడ్డి, వరి, పూలతోటలు దీనికి నయం.
- వీలుంటే పొలం మొదట్లో చిన్న గుంట తవ్వి నీళ్లు నిలిపి, పై నీళ్లే మడికి మళ్లించండి. పురుగు గుడ్లు బరువు, అడుగున పడతాయి. ఆ అడుగు బురద తీసేటప్పుడు బూట్లు తప్పనిసరి.
- పారా గడ్డి కోశాక ఒక పూట ఎండకు ఆరనిచ్చి బర్రెలకు వేయండి. పాలు పితికే ముందు పొదుగు మంచినీళ్లతో కడగండి. ఫ్యాక్టరీ నీళ్లు కలిసేచోట గడ్డి కోయవద్దు.

ప్లాంటు బురద ఎరువుగా పనికొస్తుందా?

ఎండిన బురదలో నత్రజని, భాస్వరం ఉంటాయి. చవకగా వస్తుందని ట్రాక్టర్ల కొద్దీ తోలించుకోవాలని ఆశ పుడుతుంది. తొందరపడవద్దు. పట్నం మురుగులో ఫ్యాక్టరీల, వర్క్‌షాపుల నీళ్లు కలిస్తే సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి బరువు లోహాలు బురదలో చేరతాయి. ఇవి ఒకసారి నేలలో పడితే పోవు. పరీక్ష కాగితం చూపించనిదే తీసుకోవద్దు. తీసుకున్నా బాగా మాగి ఎండినదే తీసుకోవాలి. ఆకుకూరలకు, దుంప కూరలకు అసలే వద్దు.

గ్యాసుతో పరాచకాలు వద్దు

ప్లాంటు సందర్శనలో అన్నిటికంటే ముందు చెప్పే పాఠం ఇది. మురుగు కుళ్లినచోట కోడిగుడ్డు కుళ్లిన వాసన గ్యాస్ పుడుతుంది. గాలికంటే బరువు కనుక గుంట అడుగునే ఉంటుంది. విచిత్రమేమంటే, గ్యాస్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు పైకి రాడు. వాణ్ణి తీయబోయినవాడూ పడిపోతాడు. అందుకే ఆపరేటర్లు గ్యాస్ మీటరు, నడుముకు తాడు, పైన కాపలా మనిషి లేనిదే దిగరు. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం.

ఊళ్లో మనకూ ఇదే పాఠం. పాడుబడ్డ బావి, గోబర్ గ్యాస్ గుంట, సెప్టిక్ ట్యాంకులో ఎవరైనా పడిపోతే వెంటనే దూకవద్దు. కేక వేసి నలుగురిని పిలవండి, 108కి, అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేయండి. ఒక ప్రాణం కాపాడబోయి ముగ్గురు పోయిన ఇళ్లు ఉన్నాయి.

అడగనిదే అమ్మయినా పెట్టదు

శుద్ధి చేసిన నీటికి ఇప్పుడు గిరాకీ పెరిగింది. నాగపూర్‌లో కొరాడి థర్మల్ కేంద్రానికి, చెన్నైలో ఫ్యాక్టరీలకు ఈ నీళ్లే పోతున్నాయి. రేపు మన మూసీ నీళ్లకూ కొనేవాళ్లు రావచ్చు. నీళ్లు బాగుపడే వేళకు మన వాటా తగ్గిపోతే ఏం లాభం? అందుకే ఇప్పటినుంచే నోరు విప్పాలి.

కోలారు సంగతి చూడండి. తెలుగు మాట్లాడే రైతులు ఎంతోమంది ఉన్న ఆ కరువు జిల్లా చెరువులకు బెంగళూరు శుద్ధి నీటిని 2018 జూన్ నుంచి పంపు చేశారు. చెరువులు నింపి భూగర్భ జలం పెంచడానికే గానీ నేరుగా పొలాలకు కట్టడానికి కాదన్నారు. ఆ తర్వాత లక్ష్మీసాగర చెరువులో నురగ లేచింది. విషయం హైకోర్టు దాకా పోయి కొంతకాలం నీళ్లు ఆగాయి. తర్వాత మళ్లీ వదిలారు. నురగను ముందు చూసింది గట్టు మీద ఉన్నవాళ్లే. కనిపెట్టి చెప్పేవాళ్లు ఉంటేనే పైన పని సరిగ్గా జరుగుతుందని దీని అర్థం.

పది మంది రైతులు కలిసి, వ్యవసాయ విస్తరణాధికారిని వెంటబెట్టుకొని, ప్లాంటు చూపించమని జలమండలికి గానీ మీ మునిసిపాలిటీకి గానీ దరఖాస్తు పెట్టండి. లోపలికి పోయినప్పుడు ఈ అయిదు ప్రశ్నలు అడగండి:

1. ఈ నెలలో బయటికి వదిలిన నీటి బీఓడీ, కోలిఫారం ఎంత?
2. కరెంటు పోతే బ్లోయర్లు నడవడానికి జనరేటరు ఉందా?
3. శుద్ధి లేకుండా నీళ్లు వదలవలసి వస్తే కింది ఊళ్లకు కబురు ఎవరు చేస్తారు?
4. ఫ్యాక్టరీ నీళ్లు కలిస్తే మీకు ఎట్లా తెలుస్తుంది?
5. ఈ నీటిని వేరేవాళ్లకు ఇచ్చే ఆలోచన ఉందా? ఉంటే మా వాటా ఏమిటి?

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద రాసి అడగొచ్చు. కాల్వలో నీళ్లు నల్లగా వచ్చిన రోజు తేదీ, వేళ నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. నాలుగు నెలల రాతలు చేతిలో ఉంటే కాలుష్య నియంత్రణ మండలి అధికారి ముందు మాటకు బలం వస్తుంది.

ఆపరేటరు మన శత్రువు కాదు. ఆయనా జీవాలను పెంచేవాడే, కాకపోతే కంటికి కనబడని జీవాలు. మీ పొలంలో ఏం జరుగుతోందో ఆయనకు చెప్పండి, ప్లాంటులో ఏం జరుగుతోందో ఆయన్ని అడగండి. నీటి పరీక్ష, భూసార పరీక్షల వివరాలకు మీ మండల వ్యవసాయాధికారిని గానీ రైతు వేదికలో విస్తరణాధికారిని గానీ కలవండి. ముందుగా రేపు పొద్దున చేయవలసిన పని ఒకటుంది. బూట్లు లేకుండా మడిలో దిగవద్దు.